అవగాహన ర్యాలీలు చాలు, అధికారిని ఏం అడగాలో చెప్పండి

రిబ్బన్‌విసుగు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే చిన్న గుంపు మాది. చికిత్స పూర్తయినవాళ్ళు సగం, వాళ్ళ అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు సగం. భార్యని పోగొట్టుకున్న ఒక పెద్దాయన కూడా వస్తారు, అందరికంటే ఎక్కువ పని ఆయనే చేస్తారు. ఏటా అక్టోబర్లో ర్యాలీ తీస్తాం, గులాబీ రంగు టోపీలు పెట్టుకుంటాం, ఎవరో ఒక నాయకుడు జెండా ఊపి ఫొటో దిగి వెళ్తాడు. నవంబర్ వచ్చేసరికి మేమెవరమో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఈసారి ఆరోగ్య శాఖలో ఒక పెద్ద అధికారి పది నిమిషాలు టైమిచ్చారు, వచ్చే నెల. అంతే, మాలో గొడవ మొదలైంది. అందరికీ ఉచితంగా మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) అని ఒకరు, మందుల ధరలని ఇంకొకరు, ఉద్యోగస్తులకి సెలవులు, కీమోలో ఉన్నవాళ్ళకి విగ్గులు... అర్జీ రెండు పేజీలు దాటింది. లక్ష సంతకాలు పట్టుకెళ్దామని ఒకావిడ పట్టు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏది ముందు అడగాలి?

పాతఫైలు:

ఉన్నానమ్మా. చికిత్స అయ్యాక చాలాకాలంగా నా పని ఇదే. పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఆయన ఫోనుకి పోతాయి, ఒకటి పరిచయాలకి. మిగిలిన దాంట్లో రెండు పేజీలు ఎవరు చదువుతారు? అధికారి "చూద్దాం" అన్నారంటే నేను రెండు రకాలుగా అర్థం చేసుకుంటాను. మనం అడిగింది ఆయన చేతిలో లేదు, లేదా ఏం అడిగామో ఆయనకి తెలియలేదు.

మందుల ధర ఆయన తగ్గించలేరు. సెలవుల చట్టం ఆయన చెయ్యలేరు. వాటి మీద సంతకం పెట్టేవాళ్ళు వేరు, వాళ్ళ దగ్గరికి వేరే వెళ్ళాలి. ఈయన ఒక్క ఉత్తర్వుతో అయిపోయే పని ఒకటి పట్టుకోండి. నన్నడిగితే ఆలస్యం మీద పట్టుకోమంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రొమ్ము క్యాన్సర్ మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి మూడు లక్ష్యాలు. కనీసం 60 శాతం కేసులు ఒకటి, రెండు స్టేజీల్లోనే బయటపడాలి. లక్షణాలతో వచ్చిన మనిషికి 60 రోజుల్లోపు నిర్ధారణ అయిపోవాలి. కనీసం 80 శాతం మంది చికిత్స మధ్యలో ఆపకుండా పూర్తి చెయ్యాలి. మధ్యది చూడండి. దానికి తేదీలు చాలు, కొత్త మిషన్లు కొనక్కర్లేకుండానే లెక్క తియ్యొచ్చు. ఆ తేదీలన్నీ మీ వాళ్ళ బీరువాల్లోనే ఉన్నాయి.

మీ గుంపులో వాళ్ళందరి ఫైళ్ళూ ముందేసుకుని కూర్చోండి. ఒక్కొక్కరికీ ఒక వరస: గడ్డ మొదట ఎవరికి చూపించారు, స్కాన్ ఎప్పుడు, బయాప్సీ (పరీక్షకి గడ్డలోంచి ముక్క) ఎప్పుడు తీశారు, రిపోర్టు మీద తేదీ ఏంటి, అది చేతికొచ్చిన తేదీ ఏంటి (ఈ రెండూ ఒకటే అనుకోకండి), మొదటి చికిత్స ఎప్పుడు. మొదటి తేదీ ఏ కాగితంలోనూ దొరకదు. మందుల చీటీ మీద పెన్నుతో గీకిన తేదీ ఏమైనా ఉంటే అదృష్టం. లేకపోతే ఆవిడనే అడగాలి, "పిల్ల పరీక్షలప్పుడు" లాంటి జవాబు వస్తుంది, దాన్నిబట్టి నెల రాసుకోవాలి.

రాసుకుంటూ పోతే ఆలస్యం ఎక్కడ కూర్చుందో కనిపిస్తుంది. మా దాంట్లో బయాప్సీ తరవాత కూర్చుంది. క్యాన్సర్ అని రిపోర్టు వస్తుంది. అది పట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్తే, ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకి స్పందిస్తుందా అని చూసేవి), హెర్-2 (ఆ పేరున్న ప్రొటీన్ ఎక్కువుందా అని చూసేది) పరీక్షలు కూడా కావాలంటారు. ఏ మందు పనిచేస్తుందో అవి లేకుండా తేలదు కదా. మళ్ళీ కొత్త చీటీ, మళ్ళీ ల్యాబు, బయాప్సీ ముక్క ఉన్న మైనపు దిమ్మ వెతికించుకోవడం, మళ్ళీ క్యూ. నా దిమ్మ అయితే ఇంకో సెక్షన్లో ఉందని తిప్పారు. ఆ ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకులెండి.

అందుకని మేం అడిగింది ఇంతే: బయాప్సీలో వ్యాపించే క్యాన్సర్ అని తేలితే, డాక్టర్ మళ్ళీ రాసేదాకా ఆగకుండా ల్యాబే అదే ముక్క మీద ఆ మూడు పరీక్షలూ చేసి, ఒకే రిపోర్టు ఇవ్వాలి. చాలాచోట్ల ఇది మామూలు పద్ధతే. ఒక పేజీ అర్జీ, వెనక తేదీల పట్టిక. ఆయన పట్టిక రెండుసార్లు చదివారు. అర్జీ ముట్టుకోలేదు.

మీ పట్టికలో ఆలస్యం ఇంకోచోట ఉండొచ్చు. అది చూశాకే ఏం అడగాలో తేల్చుకోండి.

లైబ్రరీబెంచి:

సంతకాల గురించి రెండు మాటలు. పాతఫైలు గారితో ఒప్పుకుంటూనే, సంఖ్యకి బలం లేదని మాత్రం అనుకోవద్దు. 1991లో అమెరికాలో నేషనల్ బ్రెస్ట్ క్యాన్సర్ కొయలిషన్ మొదలైంది. ఆ ఏడాది అక్కడ కొత్తగా జబ్బు పడతారని అంచనా వేసినవాళ్ళు 1,75,000 మంది, ఒక్కొక్కరికీ ఒక ఉత్తరం చొప్పున ప్రభుత్వానికి పంపాలనుకున్నారు. చేరినవి 6,00,000 పైనే. ఈ ఒత్తిడి వల్లే 1992లో రక్షణ శాఖ బడ్జెట్లో రొమ్ము క్యాన్సర్ పరిశోధనకి 21 కోట్ల డాలర్లు వచ్చాయి. 1993లో 26 లక్షల సంతకాలు అధ్యక్షుడు క్లింటన్‌కి ఇచ్చారు.

అయితే నాకు డబ్బుకంటే పెద్దగా కనిపించేది ఇంకోటి. ఆ రక్షణ శాఖ డబ్బు ఏ పరిశోధనకి వెళ్ళాలో తేల్చే కమిటీల్లో, జబ్బు అనుభవించినవాళ్ళు శాస్త్రవేత్తల పక్కన కూర్చుని ఓటేస్తారు. అర్జీ ఇచ్చి బయటికొచ్చేముందు, "మీ క్యాన్సర్ కమిటీలో మాకొక కుర్చీ ఉందా?" అని అడగండి. ఖర్చు లేని కోరిక.

చిన్న కోరికకి ఉదాహరణ కావాలంటే నాన్సీ కపెలో. 2004లో మామోగ్రాం బాగానే ఉందన్న కొద్ది వారాలకే ఆవిడకి ముదిరిన క్యాన్సర్ బయటపడింది. రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే మామోగ్రాంలో గడ్డ కనిపించకుండా పోవచ్చు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ముక్క మహిళలకి పంపే ఉత్తరంలో రాయమని పోరాడారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 2009లో చట్టమైంది, 2024 సెప్టెంబర్ నుంచి అమెరికా అంతటా తప్పనిసరి. ఆవిడ 2018లోనే పోయారు.

తొందరొద్దు:

ఉచిత మామోగ్రాం అన్నవాళ్ళకి ఇది చూపించండి. లక్షణాలతో వచ్చినవాళ్ళకే బయాప్సీ సమయానికి కానిచోట, ఏ లక్షణమూ లేని లక్షలమందిని మామోగ్రాంకి పిలిస్తే ఆ క్యూ ఇంకా పెరుగుతుంది. వనరులు తక్కువున్న చోట ముందు లక్షణాలున్నవాళ్ళని త్వరగా గుర్తించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తుంది.

ఇంకోటి, కోపంలో సాక్ష్యం లేనిది అడగొద్దు. 1990ల్లో అమెరికాలో భారీ మోతాదు కీమో ఇచ్చి ఎముక మజ్జ మార్పిడి చేస్తే రొమ్ము క్యాన్సర్ లొంగుతుందని నమ్మారు. బీమా కంపెనీలు కాదంటే కోర్టులకెళ్ళారు. 1993లో ఒక జ్యూరీ 8.9 కోట్ల డాలర్లు ఇవ్వమంది. వేలమంది ఆ నరకం పడ్డారు. 1999లో ట్రయల్స్ ఫలితాలొస్తే మామూలు కీమోకంటే లాభమేం లేదని తేలింది. లాభం ఉందన్న దక్షిణాఫ్రికా ట్రయల్ మోసమని మరుసటేడాది బయటపడింది. పోరాటం గెలిచింది, ఆడవాళ్ళు ఓడారు.

నాలుగోస్టేజి:

నాదీ ఒక మాట. నాకు తిరగబెట్టింది, ఎముకల్లోకి వచ్చింది. క్యాన్సర్ కేసులు నమోదు చేసే చాలా రిజిస్ట్రీల్లో మొదటి నిర్ధారణ రాస్తారు, చావు రాస్తారు. మధ్యలో తిరగబెట్టింది ఎవరూ రాయరు. నేను ఇంకా రెండో స్టేజి పేషెంటునే వాళ్ళ పుస్తకంలో. మాలాంటివాళ్ళం ఎంతమందిమో తెలియకుండా మాకెన్ని మందులు కావాలో ఎలా లెక్కేస్తారు? ఈసారి కాకపోతే రెండోసారైనా ఇది అడగండి అక్కా. ర్యాలీల్లో మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టరు, భయపడతారని. పట్టికలోనైనా ఒక గడి పెట్టండి.

రిబ్బన్‌విసుగు:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి ముగ్గురి ఫైళ్ళు చూశాం. మాకు ఆలస్యం బయాప్సీ దగ్గర లేదు, అంతకుముందే. ఇద్దర్ని మొదట చూసిన డాక్టర్లు "పాలగడ్డ, అదే తగ్గుతుంది" అని పంపేశారు. ఇంకొక అనుమానం: ఫైళ్ళివ్వడానికి కొందరు వెనకాడుతున్నారు. నాలుగోస్టేజి గారూ, గడి పెట్టాం.

పాతఫైలు:

వెనకాడితే బలవంతం చెయ్యకండి. పేర్లు తీసేసి నంబర్లు వెయ్యండి, ఫైళ్ళని ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టనివ్వకండి, తేదీలు తప్ప ఇంకేమీ రాసుకోకండి. ఒప్పుకున్నవాళ్ళ దగ్గర కాగితం మీద సంతకం తీసుకోండి.

మీ ఆలస్యం మొదటి డాక్టర్ దగ్గరుంటే మీ కోరిక మారుతుంది. గడ్డతో వచ్చిన మనిషిని తిరిగి ఎన్నాళ్ళకి చూడాలి, తగ్గకపోతే ఎక్కడికి పంపాలి అన్నది ప్రాథమిక కేంద్రాలన్నిటికీ రాతలో ఇవ్వమనండి. ముగ్గురితో పట్టిక చాలదు, ఇంకొందర్ని పట్టుకోండి. లోపల మాట్లాడేది ఇద్దరే, అందులో ఆ పెద్దాయన ఒకరు. లేచేముందు ఈ ఫైలు ఎవరి టేబుల్ మీదికి వెళ్తుందో పేరడిగి రాసుకోండి, సాయంత్రానికల్లా ఏం మాట్లాడుకున్నారో ఆ టేబుల్‌కే ఉత్తరం వెయ్యండి. పట్టిక అయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.