తప్పిపోయిన చిన్నతాత ముచ్చట నాయినమ్మను అడగాల్నా, వద్దా?

ఓరుగల్లు_పోరడు:
మాది పరకాల దిక్కు, పద్మశాలోల్లం. తాతకు ఒక తమ్ముడుండె, 1970ల్ల పదేండ్ల వయసుల మేస్త్రి ఎంబడి మహారాష్ట్రల భీమండికి, సాంచల (కరెంటు మగ్గాల) పనికి పంపిండ్రు, మల్ల రాలే. ఇంట్ల ఎవ్వలు ఆ ముచ్చట తియ్యరు. పెత్రమాస నాడు అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు పోయినోల్ల పేర్లన్ని చెప్తరు, ఆయన పేరు చెప్పరు, నాయినమ్మ మాత్రం ఆకుల ఇంత బియ్యం, చింతపండు, రెండు బెండకాయలు వేరే పెడ్తది, ఎవ్వలకే అంటే లేశి లోపలికి పోతది. ఆమెకు 80 దాటినయ్. అడిగి రికార్డు చేద్దామంటే బాపు వద్దంటుండు.

కమాన్_కాక:
వద్దు తమ్మీ, ముసలామెను ఎందుకు ఏడిపిస్తవ్. మా కరీంనగర్ దిక్కు షోలాపూర్, భీమండి, సూరత్ పోనోల్లెవలు? పోరగాండ్లు కండెలు చుట్టుకుంటనే పెరిగిండ్రు. అప్పుడందరు గట్లనే.

సాంచా_బిడ్డ:
అందరు గట్లనే అంటే అయిపాయెనా కాకా? 14 ఏండ్ల లోపు పిల్లలను ఫ్యాక్టరీల పెట్టద్దని 1948లనే చట్టమొచ్చింది, గని కరెంటు షెడ్డుల పది మంది ఉంటెనే అది లెక్క, చిన్న షెడ్లల్ల ఎవడు చూశిండు? పంపినోల్లు సిగ్గుతోటి నోరు మూసుకున్నరు, బయానా ఇచ్చి తోలుకపోయిన మేస్త్రిని ఎవ్వడన్న అడిగిండా? నాయినమ్మతోటి మాట్లాడాలె.

హన్మకొండ_వకీలు:
బాపు భయం వేరే కావచ్చు. భూమి ఉన్నదా? ఏడేండ్లు జాడ లేకుంటే సచ్చిపోయినట్టు లెక్క తీస్కుంటరు, పాత సాక్ష్యాల చట్టంల సెక్షన్ 108, కొత్తదాంట్ల సెక్షన్ 111. గని మనిషే వస్తే, లేకుంటే ఆయన పిల్లలొస్తే, వాటా లొల్లి మొదలైతది.

ఓరుగల్లు_పోరడు:
ఉన్నది సార్, రెండెకరాలు. పట్టా మొత్తం బాపు పేరు మీదనే.

సాంచా_బిడ్డ:
ఆఁ, గిదా సంగతి! ఇగ బాపును అడగకు. ఊరి బడిల పాత అడ్మిషన్ రిజిస్టర్ చూడు, పుట్టిన తేది, బడి బందు వెట్టిన తేది ఉంటయ్. భీమండిల మన పద్మశాలోల్లు మస్తుమంది, సంఘపోల్లను పట్టుకో. నాయినమ్మను ఏమైండని అడగకు, ఏం తింటుండె, ఎట్ల ఆడుతుండె అని షురూ చెయ్యి, మిగిలింది ఆమెనే చెప్తది.

కమాన్_కాక:
నేనైతే వద్దనే అంట. దొరికిండనుకో, రెండెకరాల్ల ఎకరం ఇస్తడా మీ బాపు?

ఓరుగల్లు_పోరడు:
ఇయ్యకుంటే నా వంతుల ఇస్త కాకా. ఐతారం పోదామనుకున్న, బడి ఉండది గదా, శనారం పోత. పాత రిజిస్టర్ చూపియ్యమని హెడ్‌మాస్టర్‌కు కాయితం ఎట్ల రాయాల్నో ఎవ్వలన్న చెప్పుండ్రి.