అప్‌డేట్: బాబుకి ఎవాండ్రోస్ పేరే ఖాయం చేశాం

మా మామగారి గ్రీకు పేరు ‘ఎవాండ్రోస్’ బాబుకి పెట్టొచ్చా, అర్థమేంటి అని పోయిన నెల అడిగాను కదా, పెట్టేశాం. తాత పేరు మనవడికి పెట్టడం గ్రీకుల్లోనూ ఆచారమే, అందుకే మా ఆయన అంత పట్టుబట్టారు.

‘ఎవ్’ అంటే మంచి, మన ‘సు’ లాంటిది. రెండో సగం ‘అనేర్’ నుంచి వచ్చింది, అంటే పురుషుడు. సంస్కృత ‘నర’దీ అదే మూలమట. ఇది విన్నాకే అమ్మ మెత్తబడింది!

గ్రీకు పురాణంలో ఎవాండ్రోస్ అనే ఆయన హెర్మిస్ దేవుడి కొడుకు. గ్రీసులోని ఆర్కేడియా నుంచి ఇటలీ వెళ్లి, తర్వాత రోమ్ వెలిసిన చోటే, పాలటైన్ కొండ మీద ఊరు కట్టాడు.

బారసాలలో పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాస్తుంటే ‘ండ్రో’ దగ్గర గింజలు జారిపోయి రెండుసార్లు రాయాల్సొచ్చింది. అమ్మ మాత్రం ‘వండూ’ అనే పిలుస్తోంది.