శత్రువు జాడ మ్యాప్‌లో కనబడాలా, మనమే పట్టుకోవాలా?

ఎరాంగెల్‌బాటసారి: బీజీఎంఐలో (పబ్జీ మొబైల్‌కి మన దేశం వెర్షన్) స్క్రీన్ మూలనుండే చిన్న మ్యాప్ మీద, శత్రువు అడుగుల చప్పుడుకి, కాల్పులకి గుర్తులు వస్తాయి కదా. వాటి వల్ల నా చూపెప్పుడూ స్క్రీన్ మూలకే పోతోంది. ఎదురుగా ఉన్న గడ్డి, కొండలు, సగం తెరిచిన తలుపు కంటికి ఆనడం లేదు. లోపల మనిషి ఉన్నాడని ముందే తెలిసిపోతే ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు టెన్షన్ ఏముంటుంది? 2017లో పీసీ పబ్జీ వచ్చినప్పుడు ఇవేవీ లేవు, చెవులే దిక్కు. మీరంతా ఎలా ఆడుతున్నారు?

హాస్టల్‌స్క్వాడ్: అన్నా, మంచి హెడ్‌సెట్ ఉన్నవాళ్ళకి ఆ మాట బాగుంటుంది. మా రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు, పక్కన ఇంకొకరి ఫోన్ కాల్. ఫోన్ స్పీకర్‌లో అడుగులు ఎటు నుంచో ఏం తెలుస్తుంది? గుర్తులు ఉండాల్సిందే.

కుడిచెవి: నాకు ఎడమ చెవి వినబడదు. ఎంత ఖరీదైన హెడ్‌సెట్ పెట్టినా శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఫోర్ట్‌నైట్‌లో శబ్దాలను బొమ్మలుగా చూపే ఆప్షన్ ఉంది. అడుగులు, కాల్పులు, పెట్టెలు, అన్నీ గురి చుట్టూ వలయంలో వస్తాయి. చూపు మూలకి పోదు, ఆట మధ్యలోనే ఉంటుంది. మొదట్లో అది ఆన్ చేస్తే 3డీ ఆడియో (శబ్దం ఏ దిక్కు నుంచో తెలిసేలా వినిపించేది) పోయేది, తర్వాత సరిచేశారు. నాకు ఆటలో లీనమవడం సాధ్యమైందే ఆ వలయం వల్ల. దయచేసి తీసేయమని అడగకండి.

ఎరాంగెల్‌బాటసారి: మీ మాట కాదనలేను. అందరికీ తీసేయమనడం లేదండీ. ఎంత చెప్పాలన్నదే నా బాధ.

ఉక్కుగొలుసు: దానికి వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ట్యాంకుల యుద్ధం ఆటలోని హెచ్చరిక బల్బు చూడండి. శత్రువు మనల్ని కనిపెట్టిన 3 సెకన్లకు బల్బు వెలుగుతుంది. ఎవరు చూశారో, ఎటు నుంచో చెప్పదు. పొద చాటున కదలకుండా కూర్చున్నప్పుడు అది వెలిగితే గుండె జారిపోతుంది. వెనక్కి తిప్పాలా, అక్కడే ఉండి కాల్చాలా, మనమే తేల్చుకోవాలి. ఒకప్పుడు ట్యాంకులోని కమాండర్‌కి ఆ నైపుణ్యం నేర్పిస్తేనే వచ్చేది, 2022 నుంచి అందరికీ ఇచ్చారు. హెచ్చరిక వల్ల భయం పెరిగిన ఆట నాకైతే ఇదే.

మబ్బుచాటు: యుద్ధ విమానాలు నడిపే వార్ థండర్ ఆటలో, నిజానికి దగ్గరగా ఉండే సిమ్యులేటర్ మోడ్‌లో శత్రువు మీద పేరు, గుర్తు ఏదీ ఉండదు. దూరాన నల్ల చుక్క. దగ్గరయ్యాక కోడిగుడ్డులా గుండ్రంగా రెక్క కనబడితే అది స్పిట్‌ఫైర్ విమానం. అప్పుడు మన పక్షమో కాదో ఆలోచించి ట్రిగ్గర్ నొక్కాలి. ఆ ఉత్కంఠ, శత్రువుల మీద గుర్తులుండే తేలికైన ఆర్కేడ్ మోడ్‌లో నాకెప్పుడూ దొరకలేదు. కానీ కొత్తవాళ్ళని నేరుగా ఇందులోకి దింపితే మర్నాడే మానేస్తారు.

హాస్టల్‌స్క్వాడ్: పబ్జీ మొబైల్‌లో హార్డ్‌కోర్ మోడ్ తెచ్చినప్పుడు శబ్దాల గుర్తులు తీసేశారు, తలుపులు కూడా మనమే తెరుచుకోవాల్సి వచ్చేది. బాటసారి అన్న అడిగేది అదే కదా. ఆ మోడ్‌లో ఆడే అందరికీ ఒకే రూల్ కాబట్టి గొడవ ఉండదు.

కుడిచెవి: అలా వేరే మోడ్‌గా పెడితే నాకేం అభ్యంతరం లేదు. ర్యాంక్ మ్యాచ్‌లో మాత్రం గుర్తులు ఉంచాలి.