సదస్సు హాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు: మూసేయమనడం సరైనదేనా?

నల్లసిరా:
వచ్చే నెల హైదరాబాద్‌లో మన తెలుగు బ్లాగర్ల సదస్సు ఉంది కదా, అరవై మంది దాకా వస్తామంటున్నారు. నిర్వాహకుల్లో నేనూ ఒకడిని. మా బృందం ఒక నిబంధన పెడదామనుకుంటోంది: ప్రసంగం నడుస్తున్నంతసేపు ఎవరూ ల్యాప్‌టాప్ తెరవకూడదు, ఫోన్ బ్యాగులో ఉండాలి. విరామంలో ఎవరిష్టం వారిది. నేను దీనికి గట్టిగా అనుకూలం. అయినా అందరి మాటా వినకుండా ఖరారు చేయడం బాగుండదని ఇక్కడ అడుగుతున్నాను.

నా కారణం ఇదీ. కిందటిసారి ఒక పెద్దాయన అనంతపురం నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చారు. ఆ జిల్లాలో ఎప్పుడో ఆగిపోయిన చిన్న పత్రికల పాత సంచికలను ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి స్కాన్ చేయించిన మనిషి. స్లయిడ్లు లేవు, చేతిలో కాగితం కూడా లేదు. ఆయనకు ఎదురుగా కనిపించినవి ల్యాప్‌టాప్ మూతలు. మధ్యలో రెండుసార్లు ఆగి "వినబడుతోందా అండీ?" అని అడిగారు. అందరికీ వినబడుతూనే ఉంది, తలెత్తినవాళ్లే లేరు. ఆయనతో దిగిన సెల్ఫీలు మాత్రం ఆయన వేదిక దిగకముందే గ్రూపుల్లోకి వచ్చేశాయి. ఆయన చెప్పిన విషయం మీద ఆ తర్వాత ఒక్క టపా రాలేదు. మనిషిని అంత దూరం నుంచి పిలిపించుకుని మొహమైనా చూడకపోతే ఎలా?

మైకుసెట్టు:
అన్నా, నీ బాధ న్యాయమైనదే. పరిష్కారం మాత్రం వేరేచోట ఉంది. ఆ పెద్దాయన చెప్పినదాంట్లో ఈరోజు మన దగ్గర ఏం మిగిలింది? ఒక్క నిమిషం ఆడియో కూడా లేదు. ఏ ఊళ్లో ఎవరి అటకమీద ఏ సంచికలు దొరికాయో ఆయన వరసగా చెప్పారు, నాకు రెండు ఊళ్ల పేర్లు గుర్తున్నాయి. హాల్లో అందరి జేబుల్లోనూ రికార్డర్ ఉంది. ఒక్కటీ పనికి రాలేదు, ఎందుకంటే అది ఎవరి పనో ముందుగా ఎవరికీ చెప్పలేదు. ఫోన్లు ఎక్కువై కాదు, ఎవరు ఏం చేయాలో పంచుకోకపోవడం వల్ల ఇలా జరిగింది. ఇప్పుడు అన్నీ మూయించేస్తే వచ్చే నెల ప్రసంగాలు కూడా అలాగే గాలిలో కలిసిపోతాయి.

నేను సభలకు సౌండ్ చూసేవాడిని కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. వెనక వరసలో కూర్చుని ఫోన్ ఎత్తిపట్టి తీసిన వీడియోలో మాట దక్కదు. ఆరుబయట లెక్కలో దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. హాల్లో గోడల ప్రతిధ్వని కలిసి మాట ఇంకా మసకబారుతుంది. ఫ్యాన్ హోరు మాత్రం మీ నెత్తిమీదే ఉంటుంది. అదే ఒక పాత ఫోన్‌ని మాట్లాడే మనిషికి జానెడు దూరంలో బల్లమీద పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వేసి, ఒట్టి ఆడియో రికార్డు చేయండి. చాలా ఫోన్లలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది, అందుకే ఎయిర్‌ప్లేన్ మోడ్. మాటకు సరిపోయే 64 కేబీపీఎస్ మోనోలో గంట ప్రసంగానికి 29 ఎంబీ చాలు. 1080పీ వీడియో అయితే ఒక్క నిమిషానికే అంతకు మించి తినేస్తుంది.

ఇంకా బాగా కావాలంటే కాలర్ మైకు. హాల్లోని మైకులన్నీ కలిసే సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా వైరు లాగితే మేలని కొందరంటారు. లాగవచ్చు, కానీ మిక్సర్ నుంచి వచ్చే సిగ్నల్ (దాన్ని లైన్ సిగ్నల్ అంటారు), ఫోన్ మైకు దారి ఆశించినదానికంటే చాలా పెద్దది. మధ్యలో తగ్గించే ఏర్పాటు లేకపోతే గొంతు పగిలిపోయి వస్తుంది. ఆ సిగ్నల్‌ని నేరుగా తీసుకునే లైన్ ఇన్ ఉన్న రికార్డర్ నా దగ్గర ఉంది, తెస్తాను.

ఒకరు ఆడియో, ఒకరు ఫొటోలు, ఇద్దరు రాత. ఈ నలుగురికీ బాధ్యత అప్పగిస్తే మిగతావాళ్లకు ఫోన్ తీయాల్సిన అవసరమే రాదు. నిషేధం పెట్టి సాధించాలనుకున్నది నిషేధం లేకుండానే వస్తుంది.

పెన్నాతీరం:
నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. నిబంధన ఉండాల్సిందే అంటాను.

మైకుసెట్టు గారు "అవసరమే రాదు" అన్నారు. అవసరమై ఎవరూ ఫోన్ తీయరండీ, చేయి దానంతటదే వెళుతుంది. పైగా నష్టం తీసినవాళ్లతో ఆగదు. 2013లో కెనడాలో సానా, వెస్టన్, సెపెడా అనే పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. పాఠం వింటూ ల్యాప్‌టాప్‌లో వేరే పనులు చేసుకున్న విద్యార్థులకు పరీక్షలో 11 శాతం తక్కువ మార్కులొచ్చాయి. ఆ తెరలు కనిపించేలా వెనక కూర్చుని, కాగితం మీద రాసుకున్నవాళ్లకు 17 శాతం తగ్గాయి. తెర వాళ్లది కాదు, శిక్ష వాళ్లకు పడింది. చిన్న ప్రయోగమే, పదుల మందితో చేసినదే. కానీ నా తరగతిలో రోజూ చూస్తున్నది అదే. కాబట్టి "నా ఫోన్ నా ఇష్టం" అనే వాదన హాల్లో చెల్లదు.

నోట్సు సంగతి కూడా. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ చేసిన అధ్యయనంలో, ల్యాప్‌టాప్‌లో రాసుకున్నవాళ్లు మాటకు మాట దించేసి, ఆలోచించాల్సిన ప్రశ్నల దగ్గర వెనకబడ్డారు. చేత్తో రాసేవాళ్లకు అంత వేగం ఉండదు కనుక ఏది ముఖ్యమో ఏరుకుంటారు.

డాలస్ రాత్రి:
పెన్నాతీరం గారూ, ఆ 2014 ఫలితం తర్వాత గట్టిగా నిలబడలేదండీ. 2019లోనూ 2021లోనూ వేరే బృందాలు అదే ప్రయోగం మళ్లీ చేస్తే చేతిరాతకు అంత స్పష్టమైన ఆధిక్యం కనబడలేదు. ఇంకో మాట. తెలుగులో మాటకు మాట దించగలిగేంత వేగంగా టైపు చేసేవాళ్లు మనలో ఎందరున్నారు? వత్తులు, గుణింతాల దగ్గరే ఏరుకోవడం మొదలవుతుంది.

నా మాట హాల్లో ఉండలేనివాళ్ల తరఫున. మీకు ఉదయం పది అంటే మాకు అర్ధరాత్రి దగ్గరపడుతుంది. పిల్లల్ని పడుకోబెట్టి, ఎవరైనా నాలుగు వాక్యాలు పెడతారేమో అని కూర్చుంటాం. వీడియో ప్రసారం అక్కర్లేదు. "ఇప్పుడు ఫలానావారు మాట్లాడుతున్నారు, ఇదీ చెప్పిన విషయం, ఇదీ వచ్చిన ప్రశ్న" అని ఒకరు రాస్తూ ఉంటే మేమూ ప్రశ్న పంపగలం. 2007లో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే టెక్నాలజీ ఉత్సవంలో ట్విట్టర్ వాళ్లు నడవాల్లో పెద్ద తెరలు పెట్టి సందేశాలు చూపించారు. రోజుకు ఇరవై వేలున్న సందేశాలు ఆ రోజుల్లో అరవై వేలకు చేరాయి. ఏ గదిలో ఏం జరుగుతోందో బయటివాళ్లకు తెలిసింది.

పెన్నాతీరం:
ఆ మరుసటి ఏడాది అదే వేదిక మీద ఏం జరిగిందో కూడా చెప్పండి. 2008లో ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్‌ని సారా లేసీ అనే విలేకరి ఇంటర్వ్యూ చేస్తుంటే, ఆమె ప్రశ్నలు నచ్చని శ్రోతలు ట్విట్టర్‌లో ఒకరినొకరు రెచ్చగొట్టుకున్నారు. చివరికి హాల్లోనే గోల మొదలైంది. ఆమె వేదిక మీద ఉంది, తన గురించి ఏం రాస్తున్నారో చూడలేదు. ఎదుట కూర్చుని వీపు వెనక మాట్లాడటం అది. మన సభల్లో మొదటిసారి మైకు పట్టుకునే ఆడపిల్లలుంటారు. వాళ్లకు ఆ అనుభవం వద్దు.

2014 అధ్యయనం మాట ఒప్పుకుంటాను. 2013ది వదలను.

కొత్తరాత:
నమస్కారమండీ. ఇక్కడ రాయడం తక్కువ, చదువుతుంటాను. ఈ నిబంధన పెడితే నేను రాలేను, అందుకే రాస్తున్నాను.

నాకు కుడి చెవి వినపడదు, ఎడమ చెవికి మిషను ఉంది. నలుగురు కూర్చున్న గదిలో ఇబ్బంది లేదు. హాల్లో సౌండ్ బాక్సుల నుంచి వచ్చే మాట నాకు ముద్దగా చేరుతుంది. 2019లో మాటను అక్షరాలుగా మార్చే గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ వచ్చాక సభలకు వెళ్లే ధైర్యం వచ్చింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంటే మాటలు తెలుగు అక్షరాలుగా తెరమీద నడుస్తాయి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పుగా పడతాయి. మాండలికంలో మాట్లాడితే ఇంకా తప్పులొస్తాయి. అయినా మాట్లాడేవారి పెదవులు, తెరమీది అక్షరాలు కలుపుకుని అర్థం చేసుకుంటాను. అందుకు ముందు వరసలోనే కూర్చోవాలి.

"మీకు మినహాయింపు ఇస్తాంలే" అంటారని తెలుసు. అప్పుడు అందరూ ఫోన్లు లోపల పెట్టుకున్న హాల్లో, ముందు వరసలో నేనొక్కదాన్నే ఫోన్ చూస్తూ కనబడతాను. ప్రతి వక్తకూ, ప్రతి వాలంటీర్‌కూ నా చెవి సంగతి చెప్పుకోవాలి. ఆ పెద్దాయన లాంటివారు నన్ను చూసి మర్యాద తెలియని మనిషి అనుకుంటారు. నిజానికి ఆ హాల్లో ఆయన ప్రతి మాటనూ కళ్లతో పట్టుకునేది నేనే.

ఇంకొకటి. దానికి నెట్ కావాలి. నెట్ నెమ్మదిస్తే అక్షరాలు ఆగిపోతాయి. కిందటి సదస్సులో సగం రోజు అలాగే పోయింది.

మైకుసెట్టు:
అక్కా, మీ నెట్ సంగతి నాకు తెలుసు. ఆరోజు హాల్ వైఫై ఆగుతూ సాగుతూ ఉందని చాలామంది సొంత హాట్‌స్పాట్లు ఆన్ చేశారు. దాంతో ఇంకా చెడింది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లు మూడే: 1, 6, 11. ఒకే హాల్లో పదిహేను హాట్‌స్పాట్లు వెలిగితే అన్నీ ఆ మూడింట్లోనే తోసుకుంటాయి. హాట్‌స్పాట్ తప్పదనుకుంటే యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి, గాలిలో రద్దీ ఉండదు. ఫొటోలు, వీడియోలు రాత్రి ఇంటికెళ్లి అప్‌లోడ్ చేసుకోండి. టైపింగ్‌కి నెట్‌తో పనేలేదు. విండోస్‌లో ఉండే ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు, 2019 నుంచి వచ్చిన ఫొనెటిక్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే) కీబోర్డు రెండూ నెట్ లేకుండానే నడుస్తాయి.

నిబంధన కావాలంటే ఇది పెట్టండి: ఉదయం నుంచి సాయంత్రం దాకా హాల్లో వైర్‌లెస్ హాట్‌స్పాట్ వద్దు, అప్‌లోడ్ వద్దు. దీన్ని నేను కూడా సమర్థిస్తాను.

బెంగళూరు బస్సు:
విమానంలో వచ్చేవాళ్లకు చిన్న మాట. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకండి, చేతి సంచీలోనే ఉండాలి. అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్-అవర్ల వరకు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్ల దాకా వస్తుంది, ఇబ్బంది లేదు. నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తెస్తాను. రాసే ఇద్దరికీ ప్లగ్ పాయింట్ దగ్గర కుర్చీలు ఉంచండి.

నల్లసిరా:
కొత్తరాత గారూ, మీ మాట చదివాక ఆ నిబంధనను ఆ రూపంలో బృందం ముందు పెట్టలేను. ఇలా మారుస్తాను, చూడండి. రాయడానికి ఒప్పుకున్న ఇద్దరి ల్యాప్‌టాప్‌లు చివరి వరసలో, వెనక ఎవరూ లేనిచోట. అప్పుడు పెన్నాతీరం గారు చెప్పినట్టు తెర ఇంకొకరి కంట పడదు. ఒళ్లో పెట్టుకునే ఫోన్ మీద ఏ ఆంక్షా లేదు, ఎందుకు వాడుతున్నారని ఎవరూ అడగరు. వక్తలకు ఈ సంగతి ముందే ఫోన్ చేసి నేనే చెబుతాను: "ముందు వరసలో ఫోన్ చూస్తున్నవారు మీ మాటలు చదువుకుంటూ ఉండవచ్చు" అని. మిగతా ల్యాప్‌టాప్‌లు మూతపడాలన్న దగ్గర మాత్రం నేను మారను.

ఒక ఆలోచన. ఆ అక్షరాలను పక్కన గోడమీద పెద్ద తెరపై వేస్తే ఎలా ఉంటుంది? మిక్సర్ ఆడియో నేరుగా అందుతుంది కనుక తప్పులు తగ్గుతాయి కదా. ఎవరూ విడిగా ఫోన్ చూడనక్కర్లేదు.

పెన్నాతీరం:
ఫోన్లకు ఒప్పుకుంటాను, గోడకు ఒప్పుకోను. ఆ పెద్దాయన ఒక ఊరి పేరు చెబితే తెరమీద ఇంకేదో పడి అందరూ నవ్వితే, ఆయన మాట అక్కడితో తెగిపోతుంది. వక్త వీపు వెనక అక్షరాలు నడుస్తుంటే జనం కళ్లు వాటిమీదే ఉంటాయి. మళ్లీ మొహం చూడని సభే అవుతుంది.

కొత్తరాత:
నాకు గోడ ఉంటేనే నయం. చూపు తిప్పకుండా మొహమూ అక్షరాలూ ఒకేసారి కనబడతాయి. వయసు మీద పడి వినికిడి తగ్గిన పెద్దవాళ్లు కూడా వస్తారు, వాళ్లకు ఫోన్‌లో ఇవన్నీ పెట్టుకోవడం రాదు. తప్పుపడిన పేరును రాసేవాళ్లలో ఒకరు కింద సరిచేసి చూపించవచ్చు.

మైకుసెట్టు:
ముందురోజు సాయంత్రం హాల్ తాళం చేతికొస్తుంది కదన్నా. వైరు కలిపి, అరగంట ఎవరైనా సీమ మాటలో, ఎవరైనా శ్రీకాకుళం మాటలో మాట్లాడి చూద్దాం. తప్పులు మరీ ఎక్కువ పడితే గోడ వద్దు. పెన్నాతీరం గారు వచ్చి కూర్చుని చూసి చెప్పాలి, కొత్తరాత గారు కూడా. ఆడియో రికార్డు చేయడానికి, గోడమీద వేయడానికి ప్రతి వక్త దగ్గరా విడివిడిగా అనుమతి తీసుకో. ఎవరైనా వద్దంటే ఆ ప్రసంగానికి రెండూ ఆపేస్తాను.