అమెరికావాడి అప్పు: వస్తువుల మోజా, పుట్టిన గడ్డ గుణమా?

గోదారిగట్టు: 1973లో అమెరికాలో కొత్తగా కట్టిన ఇల్లు సగటున 1,660 చదరపు అడుగులు. 2015కి 2,687. ఇంట్లో మనుషులేమో తగ్గారు. జాతి మొత్తానికి వస్తువుల పిచ్చి, అప్పులూ అందుకే. మెయిన్ రాష్ట్రమైనా మిసిసిపీ రాష్ట్రమైనా ఒకటే.

లెక్కలమాస్టారు: ఒకటి కాదండీ, అప్పు దగ్గర ఏ గడ్డ సంస్కృతి ఆ గడ్డదే. టెక్సాస్‌లో సొంతిల్లు కుదువపెట్టి చేతి ఖర్చులకు డబ్బు తెచ్చుకోవడం 1998 దాకా కుదిరేది కాదు. 1997లో ఓటింగ్ పెట్టి రాజ్యాంగం సవరించాకే హోమ్ ఈక్విటీ లోన్ వచ్చింది. ఇప్పటికీ ఇంటి మీద అప్పులన్నీ కలిపి విలువలో 80 శాతం దాటకూడదు. 4 లక్షల డాలర్ల ఇంటి మీద పాత బాకీ రెండున్నర లక్షలుంటే కొత్తగా పుట్టేది 70 వేలే. దరఖాస్తు పెట్టాక 12 రోజులు ఆగాలి, సంతకం పెట్టాక కూడా 3 రోజుల్లో వద్దనుకోవచ్చు. 2008కి ముందు వేరే రాష్ట్రాల్లో నూటికి నూరూ ఇచ్చినవాళ్ళున్నారు. ధర 20 శాతం పడిందా, అక్కడ ఇంటికన్నా అప్పు పెద్దది, టెక్సాస్‌లో బొటాబొటీ.

పెసరట్టు: 80 శాతం అప్పు కూడా అప్పే కదా మాస్టారూ.

గోదారిగట్టు: 80 అనేది చట్టంలో రాసుకున్న అంకె. అది సంస్కృతి ఎలా అవుతుంది?

లెక్కలమాస్టారు: ఆ చట్టం ఆకాశం నుంచి ఊడిపడిందా? 1837లో బ్యాంకులు కూలాక దక్షిణాది రాష్ట్రాల్లో బాకీ తీర్చలేనివాళ్ళు తలుపు మీద 'జి.టి.టి.', అంటే టెక్సాస్ పోయాం అని రాసి బండి కట్టేవారు. 1839లో, టెక్సాస్ ఇంకా సొంత దేశంగా ఉండగానే, 50 ఎకరాలో ఊళ్ళో ఇంటి స్థలమో అప్పులవాళ్ళు ముట్టకూడదని రాసుకున్నారు. పారిపోయొచ్చినవాళ్ళ చట్టం అది! మసాచుసెట్స్‌లో దిగిన ప్యూరిటన్లది, అంటే నిష్ఠ గల క్రైస్తవులది, వేరే దారి. 1651లో వాళ్ళు 200 పౌన్ల ఆస్తి లేనివాడు బంగారు, వెండి లేసు తొడగకూడదన్నారు. ఒకచోట బాకీదారుకి కాపలా, ఇంకోచోట సోకుకి కళ్ళెం.

గోదారిగట్టు: మీ లేసు చట్టం నా మాటే చెప్తోంది. 200 పౌన్లున్నవాడు తొడుక్కోవచ్చుగా! సోకు తప్పు కాదు, డబ్బులేని సోకే తప్పు.

సీమరాళ్ళు: లేసు వదిలేయండి. హోమ్‌స్టెడ్, అంటే ఉంటున్న సొంతింటికి చట్టం ఇచ్చే ఆ కాపలా, అనగానే ఇల్లు ఎవడూ లాక్కోడనుకుంటారు. కొన్నప్పటి లోన్, ఆస్తిపన్ను, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) బాకీ, ఈ మూడిట్లో ఏది ఎగ్గొట్టినా పోతుంది. కారుకైతే కోర్టు కూడా అక్కర్లేదు, తెల్లారేసరికి టో చేసుకుపోతారు.

లెక్కలమాస్టారు: గోదారిగట్టుగారూ, 1651లో అమెరికా అనే దేశం ఎక్కడుంది సార్? దేనికైనా ఒకటే ముద్ర గుద్దేస్తారా?

గోదారిగట్టు: మీరు టెక్సాస్‌ని వెనకేసుకురావడం ఆపండి. టెక్సాస్‌లోనే డల్లస్ పక్కనున్న ఫ్రిస్కోలో మొగుడూ పెళ్ళాలిద్దరికి నాలుగు వేల అడుగుల ఇల్లు కొంటున్న మనవాళ్ళు కనపడట్లేదా?

లెక్కలమాస్టారు: అదీ, ఇప్పుడు బయటపడ్డారు. మీ కోపం అమెరికావాడి మీద కాదన్నమాట. అక్కడ రాష్ట్ర ఆదాయపన్ను లేదని మురిసిపోతారు గానీ ఆస్తిపన్ను విలువలో 2 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. 6 లక్షల ఇంటికి నెలకి వెయ్యి డాలర్లు, లోన్ తీరినా అది ఆగదు.

గోదారిగట్టు: పన్ను లెక్క అడగలేదు. మనవాళ్ళు అక్కడికెళ్ళి అమెరికావాళ్ళయ్యారా, టెక్సాస్‌వాళ్ళయ్యారా, అది చెప్పండి.

పెసరట్టు: గృహప్రవేశం ఫొటోలు చూస్తే భీమవరంవాళ్ళే.

సీమరాళ్ళు: ఎవరైనా సరే, ఇది నేనుంటున్న సొంతిల్లని చెప్పే హోమ్‌స్టెడ్ ఫారం, పన్నుకి ఇళ్ళ విలువ కట్టే కౌంటీ అప్రైజల్ ఆఫీసులో ఏప్రిల్ 30లోపు పెట్టమనండి. పన్ను కట్టే విలువ ఆపైన ఏడాదికి 10 శాతం మించి పెరగదు. సగం మంది మర్చిపోయేది అదే.