కొత్త వార్డ్‌రోబ్ వాసన: ప్యూరిఫైయర్ గ్యాస్‌ను పీలుస్తోందా లేదా, తెలిసేదెలా?

మియాపూర్ వాసి:
కొత్త ఫ్లాట్‌లో ప్లైవుడ్ వార్డ్‌రోబ్‌లు చేయించాం. తలుపు తీస్తే ఘాటు ముక్కుకు కొడుతోంది, అమ్మకు కళ్లు మండుతున్నాయి. కార్బన్ ఫిల్టర్ ఉన్న ప్యూరిఫైయర్ కొన్నాం. స్క్రీన్ మీద పీఎం 2.5 (గాలిలోని సన్నని ధూళి) అంకె బాగా పడిపోతోంది కానీ వాసన తగ్గలేదు. ఇంట్లో పరీక్షించే దారి ఉందా?

రవ్వలడ్డు:
గది మూసేసి అగరబత్తి వెలిగించి చూడండి. పొగ ఎంతసేపట్లో పోతుందో తెలుస్తుంది కదా.

ల్యాబ్ మనిషి:
అగరబత్తితో ఇది తేలదండీ. కంటికి కనిపించే పొగ అంతా సన్నని కణాలే, వాటిని హెపా, అంటే సన్నని ధూళిని ఆపే ఫిల్టర్, పట్టేస్తుంది. మీ వార్డ్‌రోబ్ నుంచి వచ్చేది బహుశా ఫార్మాల్డిహైడ్, ప్లైవుడ్ జిగురులోది. అది వాయువు, హెపాలోంచి దూరిపోతుంది. మామూలు కార్బన్ కూడా దాన్ని గట్టిగా పట్టుకోలేదు. రసాయనం పట్టించిన కార్బన్ ఉండాలి.

నేను ఫిల్టర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. చైనా ప్రమాణం జీబీ/టీ 18801 ప్రకారం 30 ఘనపు మీటర్ల మూసిన గదిలోకి ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫార్మాల్డిహైడ్ వదులుతారు. మిషన్ ఆన్ చేసి తగ్గే వేగం చూస్తారు. మిషన్ లేకుండా దానంతటదే తగ్గేదాన్ని అందులోంచి తీసేస్తారు. అలా వచ్చేదే గ్యాస్ సీఏడీఆర్, అంటే మిషన్ గంటకు ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే అంకె. డబ్బా మీద ఒకే సీఏడీఆర్ ఉంటే అది సాధారణంగా కణాలదే, అడిగి తెలుసుకోండి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఆ టెస్ట్ గదిలో గ్యాస్ ఒక్కసారే వదులుతారు. మీ ఇంట్లో చెక్క నెలల తరబడి వదులుతూనే ఉంటుంది, ఎండాకాలంలో, ముసురులో ఇంకా ఎక్కువ. అందుకే ఫిల్టర్ మొత్తం ఎంత పట్టగలదో చెప్పే సీసీఎం కూడా చూడాలి. ఆ ప్రమాణం 2015 కూర్పులో ఫార్మాల్డిహైడ్‌కు 1500 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఎఫ్4, అదే పై గ్రేడు. ఆ వివరం లేకపోతే ఫిల్టర్ తీసి చూడండి. నల్లపొడి అద్దిన పల్చటి షీట్ అయితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. గుళికలు నిండి బరువుగా ఉంటే కొంత నయం.

మియాపూర్ వాసి:
థాంక్సండీ. తీసి చూశా, పల్చటి షీటే. ఫార్మాల్డిహైడ్ మీటర్ కొని చూడొచ్చా?

ల్యాబ్ మనిషి:
చవక మీటర్లు శానిటైజర్‌కీ, సెంటుకీ ఎగురుతాయి, ఆ అంకెను ఖాయం చేసుకోకండి. కొంటే మాత్రం ఒక రాత్రి మిషన్ ఆపి, ఇంకో రాత్రి పెట్టి, అదే ఏసీ సెట్టింగ్‌లో తేడా చూడండి. ఈలోగా అమ్మగారిని వేరే గదిలో పడుకోబెట్టి, వార్డ్‌రోబ్ ఉన్న గది కిటికీలు తెరిచి ఫ్యాన్ తిప్పండి. వార్డ్‌రోబ్ లోపల, వెనక లామినేట్ లేని పచ్చి ప్లైవుడ్ అంచులుంటే కార్పెంటర్‌తో ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ) వేయించండి.