బెంగళూరు కుందలహళ్లిలో ఫ్లాట్, లోన్ ఇంకా నడుస్తోంది. బ్రోకరు లేకుండా అమ్మగలమా?

కుందలహళ్లి కోడలు:

అందరికీ నమస్తే. కుందలహళ్లి గేటు దగ్గర్లో మాకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది, 2017లో కొన్నాం. మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి, అక్కడ పీజీలో ఉంటున్నారు. పాప పరీక్షలయ్యేదాకా నేనూ పాపా ఇక్కడే. ఈలోపు దీన్ని అమ్మేసి అక్కడ ఏదైనా చూసుకోవాలని ఆలోచన.

మా సెక్యూరిటీ అన్న చెవిన ఒక మాట వేశానంతే, సాయంత్రానికల్లా బ్రోకర్ల ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే పాట, రెండు శాతం. 85 లక్షలకు పోతే లక్షా డెబ్బై వేలు వాళ్లకే. కొనేవాళ్ల దగ్గరా తీసుకుంటారట. అంత పుచ్చుకుని వాళ్లు చేసేదేంటో నాకైతే అర్థం కావడం లేదు.

బ్యాంకుకు ఇంకా 31 లక్షలు బాకీ ఉంది, ఒరిజినల్ పత్రాలన్నీ వాళ్ల దగ్గరే. అలాంటి ఫ్లాట్‌ను మనంతట మనం అమ్మడం అయ్యే పనేనా? పైగా ఇంట్లో మేమిద్దరమే. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి బెడ్‌రూముల్లోకి తొంగి చూసి పోతుంటారంటే టెన్షన్‌గా ఉంది. సొంతంగా అమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. "బ్రోకరుకు అప్పగించి హాయిగా ఉండు" అనే సలహా మా అత్తగారు ఎప్పుడో ఇచ్చేశారు కాబట్టి అదొక్కటీ వద్దు.

ఓఆర్ఆర్ బాధితుడు:

అమ్మొచ్చండీ. మారతహళ్లిలో మా ఫ్లాట్ అలాగే అమ్మాం. నోబ్రోకర్, 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్‌లలో పెట్టండి. కాకపోతే మీరు రోజూ వాడే నంబర్ ఇవ్వొద్దు, వేరే సిమ్ తీసుకోండి. యాడ్ పెట్టిన కాసేపటికే "ఓనరేనా మేడమ్? మా దగ్గర రెడీ పార్టీ ఉంది" అంటూ మళ్లీ బ్రోకర్లే చేస్తారు.

ఇంకో రకం ఉన్నాడు. ఆర్మీలో పనిచేస్తున్నానంటాడు, ఫ్లాట్ చూడకుండానే నచ్చిందంటాడు, టోకెన్ అడ్వాన్స్ పంపుతున్నా ఈ క్యూఆర్ స్కాన్ చేయండంటాడు. మనకు డబ్బు రావడానికి మనం స్కాన్ చేసి పిన్ కొట్టాల్సిన పని ఎక్కడా లేదు. మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి.

రిటైర్డ్ ఫిట్టర్:

అమ్మా, నేను హెచ్‌ఏఎల్‌లో చేసి రిటైరయ్యాను. సొంతూరు మదనపల్లె. కగ్గదాసపురలో ఉన్న ఫ్లాట్‌ను బ్రోకరు లేకుండా అమ్ముకునే ఊరు చేరాను. నాకూ అప్పటికి లోన్ బాకీ ఉంది. కాబట్టి అయ్యే పనే.

బ్రోకరు చేసేదేంటన్నారు. ఈ రోజుల్లో కొనేవాణ్ని వెతకడం పెద్ద విషయం కాదు. ఏ కాగితం ముందు, ఏ చెక్కు తర్వాత అనే వరస చూసుకోవడమే అసలు పని. ఆ వరస మీకు తెలిస్తే లక్షా డెబ్బై మీ దగ్గరే ఉంటుంది. తెలియకపోతే అంతకంటే ఎక్కువే పోవచ్చు.

అందుకని యాడ్ సంగతి తర్వాత, ముందు ఫైలు సిద్ధం చేయండి. ఖాతా అంటే కార్పొరేషన్ పన్ను రికార్డులో ఆస్తి మీ పేరున ఉందని చెప్పే కాగితం, ఈ-ఖాతా దాని డిజిటల్ రూపం. బెంగళూరులో 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా లేనిదే సేల్ డీడ్ (అమ్మకపు దస్తావేజు) రిజిస్టర్ కాదు. మీరు 2017లో కొన్నారు కాబట్టి మీ దగ్గర పాత కాగితం ఖాతాయే ఉండి ఉంటుంది. ఈ-ఆస్తి సైట్‌లో మీ ఫ్లాట్ డ్రాఫ్ట్ ఈ-ఖాతా వెతికి, ఓనర్లందరి ఆధార్‌తో ఈ-కేవైసీ పూర్తి చేసి, ఫైనల్ ఈ-ఖాతా తెచ్చుకోండి. మనవాళ్లకు పేచీ వచ్చేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, సేల్ డీడ్‌లో ఒక్క ఇనిషియల్ ఉంటుంది, పాన్‌కార్డులో అదే ఇంటిపేరు చివరికి పోయి కూర్చుంటుంది. మా ఇంటావిడకైతే డీడ్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో మా ఇంటి పేరు. ఇద్దరూ ఒక్కరే అని నోటరీ అఫిడవిట్ పెడితేగానీ కొనేవాళ్ల వకీలు సరే అనలేదు. మీ కార్డులన్నీ ఈ రాత్రే బల్ల మీద పక్కపక్కన పరిచి అక్షరం అక్షరం చూసుకోండి. కొనేవాడు కుదిరాక ఇది బయటపడితే బేరం చల్లబడుతుంది.

రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి 2.0 పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్ల వివరం) కూడా తీసి పెట్టుకోండి. మీ బ్యాంకు తనఖా రిజిస్టరై ఉంటే అందులో కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఓసీ (భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) కాపీ, ఆస్తిపన్ను రసీదులు, కరెంటు బిల్లు, బాకీ లేదని అసోసియేషన్ ఇచ్చే లెటరు, ఇవన్నీ అదే ఫైల్లో ఉండాలి.

ధర గురించి ఒక్క మాట. పోర్టల్‌లో కనబడేవి జనం అడిగే ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. మీ అపార్ట్‌మెంట్లో ఈ మధ్య చేతులు మారిన ఫ్లాటు ఎంతకు పోయిందో మీ అసోసియేషన్ సెక్రటరీకి తెలుసు. ఆయనకొక కాఫీ ఇప్పించి అడగండి.

యాడ్‌లో "అద్భుతమైన ఫ్లాట్" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కార్పెట్ ఏరియా ఎంత, యూడీఎస్ (స్థలంలో మీ వాటా) ఎన్ని చదరపు అడుగులు, ఏ ఖాతానా (అనుమతులన్నీ సరిగ్గా ఉన్నది) బీ ఖాతానా (లోపాలున్నది), మెయింటెనెన్స్ ఎంత, పార్కింగ్ డీడ్‌లో ఉందా, లోన్ ఎంత ఉంది, అన్నీ రాసేయండి. ముఖ్యంగా నీళ్లు. కావేరి నది నీళ్లా, బోరా, ట్యాంకరా? 2024 మార్చిలో ఈ ఊరు నీళ్లకు పడ్డ అవస్థ ఎవరూ మర్చిపోలేదు. ఫోన్ చేసినవాళ్లలో నన్ను ఆ ప్రశ్న అడగనివాళ్లు లేరు. ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పించుకుంటే తెప్పించుకుంటామనే చెప్పండి, ఎలాగూ వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుంటారు.

అన్నట్టు, పోర్టల్ కంటే ముందు మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. నా ఫ్లాట్ కొన్నది పక్క బ్లాకులో అద్దెకుంటున్న కుటుంబమే. పిల్లల స్కూల్ బస్సు అక్కడికే వస్తుంది కాబట్టి వాళ్లకు ఆ కాంపౌండ్ దాటడం ఇష్టం లేదు. అలాంటివాళ్లకు మీరు కొత్తగా చూపించాల్సింది ఏముంటుంది? తెలియనివాళ్లు వస్తే మీ ఆయన వచ్చే శని ఆదివారాల్లోనే, పగటిపూటే పిలవండి. అంతకుముందే ఫోన్లో "బ్యాంకు లోన్ శాంక్షన్ లెటరుందా?" అని అడగండి. ఊరికే చూసిపోదామనుకునేవాళ్లు సగం మంది అక్కడే ఆగిపోతారు.

పత్రాల సెట్టు అడిగిన ప్రతివాడికీ ఇవ్వొద్దు. బేరం ఒక దారికొచ్చాకే జిరాక్సులు. నేను ప్రతి పేజీ మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా "ఫలానా వారి పరిశీలనకు మాత్రమే" అని రాసి, తేదీ వేసి ఇచ్చాను. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీయే.

ఇక బ్యాంకు సంగతి. మీ బ్యాంకుకు లెటరు పెట్టి రెండు కాగితాలు తీసుకోండి. ఒకటి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, అంటే లోన్ మొత్తం ఒకేసారి తీర్చాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం. రెండోది వాళ్ల దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా, దాన్నే ఎల్‌ఓడీ అంటారు. కొనేవాళ్ల బ్యాంకు ఇవి చూసి, మీ బాకీ మేరకు మీ లోన్ ఖాతాకు ఒక చెక్కు, మిగతా సొమ్ముకు మీ పేరున ఒక చెక్కు తయారుచేస్తుంది. ఫోర్‌క్లోజర్‌లో వడ్డీ రోజురోజుకూ మారుతుంది కాబట్టి చెక్కు జమయ్యే తేదీకి ఎంత అవుతుందో ముందే రాయించుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణమైతే ముందుగా తీర్చినందుకు పెనాల్టీ లేదు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు పత్రాలివ్వాలి, తన తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకే కట్టాలి. ఇది 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన. కొనేవాళ్లకు ఆ భరోసా చెప్పండి, వాళ్ల భయమంతా ఒరిజినల్స్ గురించే.

రిజిస్ట్రేషన్ రోజు చెక్కు కళ్లతో చూడకుండా, దాని నంబరు డీడ్‌లో ఉన్నదానితో సరిచూసుకోకుండా వేలిముద్ర వేయకండి. వాట్సాప్‌లో వచ్చిన చెక్కు ఫోటోను చెక్కు అనరు.

పాత కమీషన్ ఏజెంటు:

కేఆర్ పురం వైపు చాలా ఏళ్లు ఈ పనే చేశాను, అందుకని మా పక్షాన కూడా ఒక మాట. ఫిట్టర్ గారు చెప్పింది నిజమే, కానీ ఆయన రిటైరయ్యారు, చేతినిండా టైముంది. ఉద్యోగం చేసుకుంటూ బ్యాంకుల మధ్య తిరగడం అందరి వల్లా కాదు. కొనేవాడి బ్యాంకులో లీగల్ ఒపీనియన్ ఎక్కడో ఆగిపోతే రోజూ ఫోన్ చేసి కదిపేది మేమే. ఇంకోటి, ఓనరూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు "ఈ కిచెన్ పాతబడింది" అంటారు, రెండోవారికి కోపం వస్తుంది, బేరం చెడుతుంది. మధ్యలో మనిషుంటే ఆ మాట మెత్తగా చేరుతుంది.

అయినా మీ కేసులో రెండు శాతం ఎక్కువే. కొనేవాణ్ని మీరే తెచ్చుకుంటే, కాగితాల పని ఒక్కటే చేసి పెట్టడానికి ముందే మాట్లాడుకున్న మొత్తానికి ఒప్పుకునేవాళ్లుంటారు. రాసుకోండి, నోటిమాట మీద పోవద్దు. ఎవరైనా బ్రోకరు తెచ్చిన పార్టీతోనే వెనక నుంచి బేరం కుదుర్చుకుని కమీషన్ ఎగ్గొట్టడం మాత్రం చేయకండి.

కుందలహళ్లి కోడలు:

ఫిట్టర్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. కార్డులు పరిచి చూశాను. మా ఆయనవి సరిగ్గానే ఉన్నాయి, నా పాన్‌లో మాత్రం ఇంటిపేరు స్పెల్లింగ్ తేడాగా ఉంది!

మీరు చెప్పినట్టు గ్రూపులో పెడితే మూడో ఫ్లోర్లో అద్దెకున్నవాళ్లు వచ్చి చూశారు. నచ్చింది. కానీ 15 లక్షలు క్యాష్‌గా ఇస్తాం, డీడ్‌లో 70 వేద్దాం అంటున్నారు. ఒప్పుకోకపోతే పోతారేమో. ఫ్లాట్ మా ఇద్దరి పేరు మీదా ఉంది, మా ఆయన రాకుండా పవర్ ఆఫ్ అటార్నీతో అయిపోతుందా?

రిటైర్డ్ ఫిట్టర్:

పోతే పోనివ్వండమ్మా. స్థిరాస్తి అమ్మకంలో 20,000, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదు. పట్టుబడితే తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా పోవచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీద, అంటే మీ మీద. ఆ 15 లక్షలు పట్టుకెళ్లి హైదరాబాద్‌లో ఇల్లు ఎలా కొంటారు?

వాళ్ల బాధ ఏంటంటే స్టాంప్ డ్యూటీ. 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6 అవుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి నుంచి రెండు శాతం అయింది. అంతా కలిపి 7.6 శాతం, 85 లక్షల మీద దాదాపు ఆరున్నర లక్షలు. కాబట్టి కోపగించుకోకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. మీకు బ్రోకరు ఖర్చు లేదు, వాళ్లకూ లేదు. ధరలోనే యాభై వేలో లక్షో తగ్గించి, మొత్తం వైట్‌లోనే అనండి. డీడ్‌లో తక్కువ వేస్తే వాళ్లకు లోనూ తక్కువే వస్తుందని కూడా చెప్పండి, చాలామందికి అది తట్టదు.

పవర్ ఆఫ్ అటార్నీ అంటే కొనేవాళ్ల బ్యాంకు నూటెనిమిది ప్రశ్నలు వేస్తుంది. మీ ఆయన్ను రాత్రి బస్సెక్కి రమ్మనండి. పాన్ స్పెల్లింగ్ ఇప్పుడే దిద్దించుకోండి, ఎందుకంటే 50 లక్షలు, ఆపైన అమ్మకమైతే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మీ ఆదాయపు పన్ను కింద ముందే) కోసి కట్టాలి. ఇద్దరు ఓనర్లు కాబట్టి ఇద్దరి పాన్‌ల మీదా విడివిడిగా కట్టాలి. మొత్తం ఒక్కరి మీదే కట్టేస్తే తర్వాత తల పట్టుకోవాలి.

లెక్కల పంతులు:

లాభం మీద కట్టాల్సిన పన్ను మాట ఎవరూ ఎత్తలేదు. 2017లో కొన్నారు కాబట్టి ఇది దీర్ఘకాల లాభం. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తికి, భారత్‌లో నివాసమున్నవాళ్లకు రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. రెండూ లెక్క వేయించి ఏది తక్కువైతే అది కట్టండి. అమ్మిన రెండేళ్లలో హైదరాబాద్‌లో ఇల్లు కొంటే ఆ మేరకు లాభం మీద మినహాయింపు వస్తుంది. రిటర్ను గడువులోగా ఇల్లు దొరక్కపోతే ఆ సొమ్మును మామూలు ఎఫ్‌డీలో కాదు, బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి.

ఇది చదువుతున్న ఎన్నారైలకు: మీరు అమ్మితే టీడీఎస్ ఒక శాతం కాదు, 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీద కోసేస్తారు. కొనేవాడు దొరికాక కాదు, అమ్మాలనుకున్నప్పుడే మొదలుపెట్టండి.

కుందలహళ్లి కోడలు:

పంతులు గారూ, థాంక్స్. మూడో ఫ్లోర్ వాళ్లు 84కు, మొత్తం చెక్కు మీద, ఒప్పుకున్నారు. వాళ్ల వకీలు అగ్రిమెంట్ డ్రాఫ్ట్ పంపుతామన్నారు. అందులో నేను ముఖ్యంగా ఏం చూడాలి?

రిటైర్డ్ ఫిట్టర్:

శుభం. వాళ్ల లోన్ రాకపోతే అడ్వాన్స్ ఎంత తిరిగివ్వాలి, ఎన్నాళ్లలో ఇవ్వాలి, గడువు తేదీ ఏంటి, ఇవి అంకెల్లో ఉండాలి. పూర్తి డబ్బు అందాకే తాళాలు అని రాయించండి. గీజర్లు, ఏసీ, మాడ్యులర్ కిచెన్ ధరలో ఉన్నాయో లేవో కూడా రాయించండి, చివర్లో గొడవలన్నీ గీజర్ల దగ్గరే వస్తాయి. మీ తరఫున ఒక వకీలుకు ఫీజిచ్చి చదివించండి, అక్కడ పీనాసితనం వద్దు.

రిజిస్ట్రేషన్ అయిపోయిన రోజే మీ ఇద్దరి ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి. డీడ్ మీద ఉన్న వేలిముద్రలను వాడుకుని బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులు 2023లో బెంగళూరులోనే వచ్చాయి.